నాడె విసిరే హుకుం

దశరథం మడమలో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. మక్తల్ బాటలో ఎద్దులకు నీళ్లు పట్టేదాకా బండి దిగి అటూ ఇటూ పచార్లు చేసినందుకు దక్కిన ప్రతిఫలం అది. నారాయణపేటలో పట్టుచీరల వ్యాపారం చేసే మనిషికి ముందు నోరు కావాలి, తర్వాత కళ్లు, ఆ తర్వాత బట్టను నలిపి చూసే వేలికొసలు. కాళ్లను ఆయన ఎన్నడూ పెట్టుబడిలో కలపలేదు. ఇప్పుడు ఒక్క ముల్లు ఆ పొరపాటును ఎత్తిచూపింది. కుంటుకుంటూ నేతగాళ్ల వీధికి వచ్చి, మగ్గాల సావిడి అరుగు మీద కూలబడ్డాడు.

"కాలు ఇటియ్యుండ్రి సేటూ," అంటూ నేతగాడు లింగస్వామి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

అతని భార్య అండాలు సూది మొనను దీపం మంటలో కాల్చి తెచ్చింది. లింగస్వామి మడమను ఎడమ అరచేతిలో ఆనించుకుని, కుడిచేతి వేళ్ల మధ్య సూదిని నిలిపి, చర్మాన్ని ఉల్లిపొరలా ఒక్కొక్క పొరే తొలిచాడు. దశరథం పళ్లు బిగించుకుని నొప్పి కోసం ఎదురుచూశాడు. నొప్పి రాలేదు. కాసేపటికి లింగస్వామి గోళ్లతో ముల్లు చివర పట్టి, చుక్క రక్తం రాకుండా బయటికి లాగి సేటు అరచేతిలో పెట్టాడు.

"దాసుకోండ్రి," అంది అండాలు నవ్వుతూ. "మక్తల్ బాట మీకిచ్చిన నజరానా."

దశరథం నవ్వలేదు. ముల్లును చూశాడు, లింగస్వామి చేతిని చూశాడు. ఎండాకాలం నడిమి నుంచి ఆ కుడిచెయ్యి నేత పని చేయడం లేదు. సావిడిలో కిటికీ పక్కన, అందరికన్నా మంచి వెలుతురు పడేచోట, లింగస్వామి మగ్గం ఊరికే పడి ఉంది. దాని మీద పరిచిన పట్టు పడుగులో ఇంకా రెండు చీరల నేత మిగిలింది. రెండూ మక్తల్ పెళ్లివారివే. ఇవాళ కూడా వాళ్లకు మాట ఇచ్చి వస్తున్నాడు. ఇంకొకరిని కూర్చోబెట్టి నేయిద్దామంటే కుదరదు. మధ్యలో చెయ్యి మారితే అంచు బిగువు మారుతుంది. ఆ తేడా చీర మీద గీతలా పడుతుంది, కొన్నవాళ్ల కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

లింగస్వామి చెప్పేది ఎప్పుడూ ఒక్కటే. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, పేక దారం నింపిన నాడెను పడుగు మధ్యలోంచి ఎడమచేతి వైపు విసరబోతే, కుడి మణికట్టు లోపలికి వంగిపోతుందట, వేళ్లు కోడికాలులా ముడుచుకుంటాయట. నాడె కింద పెట్టేస్తే చెయ్యి మళ్లీ మామూలేనట.

దశరథం విన్నవాటిని నమ్మే మనిషి కాదు. చూసినవి మాత్రం చాలా ఉన్నాయి. ఆ చెయ్యి తలపాగా చుట్టడం చూశాడు. మక్కకంకి ఒలవడం చూశాడు. భజనలో తాళాలు కొట్టడం చూశాడు. ఇప్పుడు తన మడమలో ముల్లే తీసింది. అన్ని పనులకూ సాగే చెయ్యి, కూలి దొరికే ఒక్క పనికి సాగదంటే జబ్బు చేతికి కాదు, మనసుకు. కోస్గి వ్యాపారి ఎవడో చాటున ఏదో ఆశ పెట్టి ఉంటాడు.

"లింగసామీ, గీ చెయ్యికి ఏం రోగమున్నదయ్యా? ముల్లు గింత నాజూకుగ దీసినవు."

"నాకు ఎర్కైతే చెప్పనా సేటూ? ముల్లు కాడ మంచిగనే ఉంటది. మగ్గం కాడనే ముడుసుకుంటది."

"అబద్ధం!"

ఆ మాట ఆయన కావాలనే గట్టిగా అన్నాడు. ముందు బెదిరిస్తేనే తర్వాత బేరం కుదురుతుందని ఆయన అనుభవం.

ఈసారి అనుభవం పనిచేయలేదు. లోపలి నుంచి కులపెద్ద గాలయ్య బయటికి వచ్చాడు. సావిడి కులం సొత్తు. అందులో ఎవరి మగ్గం ఎక్కడ ఉండాలో చెప్పేది ఆయనే. మగ్గపు తల్లికి కోపం వచ్చిందని, శాంతి చేయిస్తే పోతుందని ఇన్నాళ్లూ ఓపిక పట్టాడు. కిటికీ పక్క చోటు మీద ఆయన బావమరిది కన్నుందన్న సంగతి మాత్రం వీధికంతా తెలుసు.

"సేటు నోట్లకెళ్లి వచ్చిన మాట ఉత్తగ పోదు," అన్నాడు గాలయ్య. "తల్లి కోపమైతే వేరే ముచ్చట. అబద్ధమైతే సావిడిల జాగ లేదు. ఇంక మూడు దినాలల్ల నూలి పున్నమి, గప్పటిదాకా సూస్త. గా దినానికి నాడె ఆడకపోతే పడుగు కోసేస్త. మగ్గం ఇంకొకలకు."

"ఉన్న పడుగు కోస్తవా మామా?" అంది అండాలు. ఆమె గొంతులో నవ్వు ఎగిరిపోయింది.

"అబద్ధమాడినోని పడుగే గద."

లింగస్వామి సూదిని తలపాగా అంచుకు గుచ్చుకుని లేచాడు. "షోలాపూరు పోత," అన్నాడు నెమ్మదిగా. "మిల్లుల ఊడ్సెటానికైతే చెయ్యి వస్తది."

అండాలు దశరథం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు బరువెంతో ఆయన తక్కెడలో తూగలేదు.

*

ఇంటికి చేరేసరికి దశరథానికి నష్టం పూర్తిగా అర్థమైంది. బెదిరిద్దామనుకున్న మనిషిని తరిమేశాడు. పడుగు కోస్తే చీరలు పోతాయి, మక్తల్లో మాట పోతుంది, అలాంటి అంచు వేసే చెయ్యి షోలాపూరులో చీపురు పడుతుంది. లాభపడేది ఒక్క గాలయ్య బావమరిది. తన నోటితో తనకేమీ కానివాడికి మేలు చేసి వచ్చాడు.

మేడమీది నుంచి కిరసనాయిలు పొగ వాసన వచ్చింది. ఆయన మెట్లెక్కి చూశాడు.

ఆ గదిలో కిరాయికి ఉంటున్నది హైదరాబాదు డాక్టరు రఘుపతి. దవాఖానాలో మందులు రాయడం కన్నా, మనిషి నరాలు కండలను ఎలా ఆడిస్తాయో తెలుసుకోవడం మీదే అతనికి మోజు. సెలవు దొరికితే చాలు, చేతిపనివాళ్లున్న ఊళ్లకు పెట్టెలు వేసుకుని బయల్దేరుతాడు. ఇప్పుడు అతను డప్పంత ఇత్తడి పీపాకు తెల్ల కాయితం చుట్టి, దీపం పొగ మీద తిప్పుతున్నాడు. కాయితం నల్లగా అవుతోంది. డాక్టరు ముక్కు అంతకన్నా నల్లగా ఉంది.

"ఇల్లు కాలుస్తరా సాబ్?"

"భయపడకుండ్రి సేటుగారు. మీ ఇంటికి ఏం కాదు." రఘుపతి పీపాను గడియారపు యంత్రం మీద నిలబెట్టాడు. అది మెల్లగా తిరగసాగింది. సన్నని పుల్ల మొన ఒకటి నల్ల కాయితానికి ఆని, పోయినచోటల్లా తెల్లని గీత గీస్తోంది. "గీ పుల్లను మనిషి కండకు కలిపితే, కండ ఎప్పుడు గుంజింది, ఎంత గుంజింది, ఎప్పుడు వదిలింది, అన్నీ గీసి సూపెడ్తది."

"మనిషి అబద్ధమాడితే?"

"మనిషి ఆడుతడేమో. కండ ఆడదు."

దశరథం అక్కడే, ఆ మసి వాసనలోనే బేరం చూసుకున్నాడు. మిషన్ అబద్ధమని తేలిస్తే లింగస్వామి సిగ్గుపడి నేత మొదలుపెడతాడు. రోగమని తేలిస్తే గాలయ్య నోరు మూతపడుతుంది, పడుగు కోయడం ఆగుతుంది. ఎటు పడినా తనకే మేలు. ఇలాంటి బేరాలు రోజూ దొరకవు.

"మీకు మంచి చెయ్యి ఒకటి సూపెడ్త రాండ్రి," అన్నాడు. "ముందు ముక్కు తుడుసుకోండ్రి."

*

మర్నాడు పొద్దున సావిడి నిండిపోయింది. మనిషి కడుపులోని మాటను మిషన్ గీసి చూపుతుందట అన్న కబురు వీధి చివరికి చేరేలోపు, దయ్యాలను కూడా గీస్తుందట అని పెరిగింది.

రఘుపతి పీపాను కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, పుల్లకు ఒక దారం కట్టి, ఆ దారం రెండో కొసను లింగస్వామి మణికట్టుకు చుట్టి ముడి వేశాడు.

సావిడిలో ఒక్కసారిగా గోల లేచింది.

"చేతికి దారం గట్టుకొని గుంటలకు దిగుతడా!" అన్నాడు గాలయ్య. "మా ఇండ్లల్ల పెండ్లికొడుకైనా సరే, కంకణం ఇప్పినంకనే మగ్గమెక్కుతడు. ఉంగరం గూడ తీసి పెట్టాల్సిందే."

ఆ కట్టుబాటు దశరథానికీ తెలుసు. నూలి పున్నమికి కులపెద్ద అందరి చేతులకూ నూలు కంకణాలు కడతాడు. ఆ రోజు ఒక్క మగ్గమూ ఆడదు. మర్నాడు పొద్దున కంకణాలు విప్పి గుమ్మానికి కట్టాకే గుంటలో దిగుతారు.

"ఇది కంకణం గాదు గాలన్నా, మిషన్ తాడు," అన్నాడు దశరథం. "ఒక్కమాటు పరీక్షకు. నిజం నీకు గూడ కావాలె గద?"

గాలయ్య బావమరిది వైపు చూసి, గొంతు సవరించుకుని, "ఒక్కమాటే," అన్నాడు.

లింగస్వామి ఉరికంబం ఎక్కబోయే మనిషిలా గుంటలో కూర్చున్నాడు. కాలితో తొక్కాడు. పడుగు విచ్చుకుంది. కళ్లు మూసుకుని నాడె విసిరాడు.

నాడె అటు పోయింది.

ఎడమచెయ్యి అందుకుని ఇటు పంపింది. కుడిచెయ్యి అందుకుని మళ్లీ అటు. టక్కున దెబ్బ, సర్రున నాడె, టక్కున దెబ్బ. లింగస్వామి కళ్లు తెరిచాడు. అతని మొహం మెల్లమెల్లగా, తెల్లవారినట్టు మారింది. పెరట్లో గంజి కాస్తున్న అండాలు ఆ మగ్గం చప్పుడు గుర్తుపట్టి, గంజి చేతులతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

రఘుపతి ఒక్కడే నిరాశగా ఉన్నాడు. "ఇంత మంచిగ ఉన్న చెయ్యి చూడనీకేనా గింత మసి పూసుకున్న?" అని గొణిగాడు.

"చూసిండ్రా!" గాలయ్య గొంతు సావిడంతా మోగింది. "ఎన్నడు రానిది మిషన్ పెట్టంగనే వచ్చిందా? సేటు అన్నది ముమ్మాటికి నిజం!"

దశరథం మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి దిగకముందే రఘుపతి, "చాలు, చాలు," అంటూ లింగస్వామి మణికట్టు మీద ముడి విప్పేశాడు. లింగస్వామికి అదేమీ పట్టలేదు. నెలల తర్వాత తిండి దొరికిన మనిషిలా ఉన్నాడు. ఉత్సాహంగా నాడె ఎత్తి మళ్లీ విసరబోయాడు.

మణికట్టు గిర్రున లోపలికి తిరిగింది. వేళ్లు ముడుచుకున్నాయి. నాడె మొన నేరుగా పడుగులో దిగబడి, పిడికెడు పట్టుపోగులను పటపటా తెంపుకుంటూ గుంటలో పడింది.

లింగస్వామి తెగిన పోగులను చూస్తూ కూర్చున్నాడు. వాటిని ఒక్కొక్కటే ఏరి అతకాలంటే పొద్దంతా కూర్చోవాలి.

"నాటకం," అన్నాడు గాలయ్య. కానీ ఆ మాటలో ఇందాకటి జోరు లేదు.

దశరథం చెయ్యి మీసం మీది నుంచి దిగింది. మోసగాళ్లను ఆయన చాలామందిని చూశాడు. తూకంలో మోసం చేసేవాడుంటాడు, కొలతలో చేసేవాడుంటాడు. తన పట్టును తానే తెంపుకుని మోసం చేసేవాడు మాత్రం ఇంతవరకూ దుకాణం మెట్లెక్కలేదు.

*

రెండోరోజు రఘుపతి ఏర్పాటు మార్చాడు. దారం తీసేసి, మణికట్టుకు ఏదీ తగలకుండా, మోచేతి కింద లోపలి కండ మీద ఒక రబ్బరు బిళ్ల, బయటి కండ మీద ఒక బిళ్ల అమర్చాడు. వాటి నుంచి రెండు రబ్బరు గొట్టాలు పీపా దగ్గరికి పోయాయి. కండ ఉబ్బితే బిళ్లలో గాలి కదులుతుంది, గాలికి పుల్ల లేస్తుంది. రెండు కండలకు రెండు పుల్లలు, రెండు గీతలు.

తెగిన పోగుల అతుకు పూర్తికాలేదు కాబట్టి, పడుగు మీద గుడ్డ పరిచి, దాని పైనుంచే విసరమన్నాడు. లింగస్వామి విసరబోయాడు. చెయ్యి ముడుచుకుంది. డాక్టరు మొహం వెలిగిపోయింది.

"అరే వాహ్! రాండ్రి, చూడుండ్రి." అతను నల్ల కాయితం చుట్టూ అందరినీ పిలిచాడు. "మణికట్టు వంచే కండ ఒకటి, లేపే కండ ఒకటి. ఒకటి గుంజుతున్నప్పుడు రెండోది వదలాలె. గుంజుమని నరం మీదికెళ్లి హుకుం పోవుడే కాదు, వదులుమని గూడ పోవాలె. ఇక్కడ చూడుండ్రి, రెండు గీతలు ఒక్కసారే లేచినయి. రెండు గుంజుతున్నయి. ఎద్దులను బండికి అటొకటి ఇటొకటి కట్టినట్టు."

"ఎక్కడ వదలాలో ఎర్కలేకపోతే మా దుకాణం గూడ గిట్లనే మూతపడ్తది," అన్నాడు దశరథం. ఈ సంగతి ఆయనకు బాగా అర్థమైంది. "మరి నా కాలుల ముల్లెట్ల తీసిండు?"

"ముల్లు తీసే హుకుం వేరు సేటుగారు, నాడె విసిరే హుకుం వేరు. చెయ్యి అదే. చేసీ చేసీ అరిగి, నాడె హుకుం ఒక్కటే చెడింది. మంచి నేతగాండ్లకే గిట్ల అయితది. సోమరివానికి చెడిపోయేంత పని ఎక్కడిది?"

అండాలు గుమ్మం దగ్గర నిలబడి ఈ మాట విని, మళ్లీ ఒకసారి చెప్పమన్నట్టు చూసింది.

"ఇప్పుడు రోగం లేని చెయ్యి ఒకటి కావాలె, సరిపోల్చనీకె," అన్నాడు రఘుపతి.

నేతగాళ్లు ఒక్కరూ కదలలేదు. తల్లి కోపించిన గుంటలో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి అందరి కళ్లూ దశరథం మీద నిలిచాయి. మగ్గపు తల్లి కోపం నేతగాళ్ల మీదే కాని వ్యాపారుల మీద ఉండదన్న ధైర్యంతో ఆయన ఒప్పుకున్నాడు. ఉంగరాలు తీసి అండాలు చేతిలో పెట్టాడు. పొట్ట లోపలికి పీల్చుకుని గుంటలోకి జారాడు. సగం జారాక పొట్ట పీల్చుకోవడం మరిచిపోయి ఇరుక్కున్నాడు. ఇద్దరు భుజాలు పట్టి కిందికి నొక్కారు.

"బట్ట కొలిచే చెయ్యి నాది. గిదెంత పని?" అంటూ నాడె విసిరాడు.

మొదటి విసురుకు నాడె ఆయన ఒళ్లోనే పడింది. రెండోదానికి మిషన్ మీది నుంచి పోయి గాలయ్య బావమరిది మోకాలికి తగిలింది. మూడోసారి ఎత్తితే సావిడిలో సగంమంది తలలు కాచుకుంటూ వంగారు.

"ఇక సాలు, సాలు," అన్నాడు లింగస్వామి. చాలా రోజుల తర్వాత అతను నవ్వుతున్నాడు. "డాక్టరుసాబు, మిషన్ దాసుకోండ్రి."

రఘుపతి కాయితం విప్పి కిటికీ వెలుతురులో పట్టాడు. పైన లింగస్వామి గీతలు, కింద దశరథం గీతలు. రెండుచోట్లా రెండు కండలూ ఒక్కసారే లేచి, ఒకదానితో ఒకటి కొట్లాడుతున్నాయి. ఏది ఎవరిదో రాసి పెట్టకపోతే డాక్టరే పోల్చుకోలేడు.

"మీరు నేర్వక అన్ని కండలు గుంజుతున్నరు. ఆయనకు నేర్సుకున్నది చెదిరింది. గీతలకు మాత్రం ఫరఖు లేదు."

"అంటే నేను గూడ అబద్ధమాడుతున్నట్టేనా?" అన్నాడు దశరథం గుంట అంచు పట్టుకుని లేస్తూ.

"మీ మొకం జూస్తే గట్లనే ఉన్నది సేటూ," అంది అండాలు, ఉంగరాలు తిరిగి ఇస్తూ.

నవ్వులు సద్దుమణిగాక దశరథం డాక్టరును పక్కకు పిలిచాడు. "గీతల ముచ్చట మంచిగున్నది. దీనికి మందేంది?"

రఘుపతి మసి చేతులు చూసుకున్నాడు. "మందు లేదు సేటుగారు."

"నిన్న ఎట్ల నేసిండు మరి?"

"అదే నాకు గూడ అంతు చిక్కుతలేదు."

దశరథానికి అంతు చిక్కాల్సిన అవసరం కనబడలేదు. నిన్న సరుకు కదిలింది, ఇవాళ కదల్లేదు. రెండు రోజులకూ తేడా ఏమిటో చూస్తే చాలు. నేల మీద పడున్న దారం తీసి, మిషన్‌కు కట్టకుండా ఊరికే లింగస్వామి మణికట్టుకు చుట్టాడు. లింగస్వామి నాడె ఎత్తాడు. అది చేపలా పోయింది.

రఘుపతి దారం విప్పించి చూశాడు, కట్టించి చూశాడు, ఎడమచేతికి కట్టించి చూశాడు. కుడి మణికట్టు మీద ఉన్నప్పుడే నాడె ఆడింది. "చర్మానికి ఏదో తగులుతుంటే, ఆ చెయ్యి ఎక్కడున్నదో మెదడుకు యాదికొస్తదేమో. ఏమో! ఇంక చానా చూడాలె," అంటూ అతను పీపాకు కొత్త కాయితం చుట్టడం మొదలుపెట్టాడు.

"ఎందుకైతేంది, కట్టుకొనే నేస్తడు," అన్నాడు దశరథం.

"నేయడు," అన్నాడు గాలయ్య.

పరీక్ష వేరు, నేత వేరన్నాడు. తాతల నాటి కట్టుబాటును ఒక్క మనిషి కోసం కదిలిస్తే రేపు ఇంకొకడు గొలుసులు వేసుకుని దిగుతాడన్నాడు. అబద్ధం కాదని ఒప్పుకుంటాను, కానీ ఒట్టి చేతితో నేయలేనివాడికి సావిడిలో చోటెలా ఇస్తానన్నాడు. రేపే పున్నమి, రేపే తీర్పు.

"కంకణమెందుకు వద్దన్నరు గాలన్నా, తాతలు?" అన్నాడు దశరథం, బేరానికి దిగే గొంతుతో.

"కొసలు పడుగుల జిక్కుతయి. పట్టు తెగుతది. గది గూడ ఎర్కలేదా?"

ఆ జవాబు వినగానే అండాలు గుమ్మం దగ్గర నుంచి వచ్చి, నిన్న తెగి కింద పడిన పట్టుపోగులను ఏరి కొంగున వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

*

నూలి పున్నమి నాడు మగ్గాలన్నీ కడిగి పసుపు రాశారు. గాలయ్య జరీ అంచు ధోవతి కట్టుకుని, కంకణాల పళ్లెంతో సావిడిలో కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి చాపుతున్నారు. ఆయన పక్కన బావమరిది, కిటికీ పక్క మగ్గాన్ని అప్పుడే తనదైనట్టు చూస్తూ నిలబడ్డాడు. గాలయ్య ఒళ్లో కత్తెర ఉంది.

లింగస్వామి వంతు వచ్చింది. అతను చెయ్యి చాపాడు. కుడి మణికట్టు మీద అప్పటికే సన్నని పట్టు వలయం ఉంది, ఎర్రటిది, పడుగు రంగుదే.

"ఇదేంది?" అన్నాడు గాలయ్య. "నేను కట్టకముందే కంకణమా?"

"కంకణమైతే ఇప్పు మామా," అంది అండాలు.

గాలయ్య లింగస్వామి చెయ్యి పట్టుకుని ముడి కోసం వెతికాడు. ముడి లేదు. వలయాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కొస కోసం వెతికాడు. కొస లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కులపెద్ద కాకముందు ఆయన పెద్ద నేతగాడు. పోగుకు పోగు అతికిన చోటును గోటి కొసతో పట్టగల మనిషి. ఇప్పుడు ఆ గోరు వలయం చుట్టూ తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటుకే వస్తోంది. తీర్పు సంగతి మరిచిపోయి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లాడు పొడుపుకథ విప్పుతున్నట్టు చూశాడు.

"ఎట్ల అతికినవే?" అన్నాడు చివరికి.

"బూడిది అద్ది మెలిపెట్టిన. మనం పడుగు అతికినట్టే. తెగిన పట్టే గది మామా. మగ్గం మీద ఉంటే తప్పు కానిది, మగ్గం ముందటి చెయ్యి మీద ఉంటే తప్పైతదా?"

"చేతిలకెళ్లి ఎట్ల ఎక్కిచ్చినవు?"

"నూనె రాసి. సగం తోలు పోయిందని ఒకటే ఒర్లిండు."

గాలయ్య తలపాగాలోంచి ఒక పట్టుపోగు లాగి, వలయం మీద అటూ ఇటూ రాసి చూశాడు. పోగు ఎక్కడా చిక్కలేదు. సావిడంతా ఆయన నోటి కోసం చూస్తోంది. దశరథం నోరు తెరవబోయి, ఇది తన దుకాణం కాదని గుర్తొచ్చి మూసుకున్నాడు.

"ముడి లేదు, కొస లేదు," అన్నాడు గాలయ్య. ఆయనలోని నేతగాడు గెలిచి కులపెద్దను పక్కకు తోసినట్టు కనబడింది. "కొస లేనిదాన్ని కంకణమని ఎవడంటడు? ఒంటి మీది తోలు అసొంటిదే ఇది. నాకేం కనబడ్తలేదు."

ఆయన పళ్లెంలోంచి నూలు కంకణం తీసి లింగస్వామి ఎడమచేతికి కట్టాడు. "గిది మాత్రం రేపు పొద్దుగాల ఇప్పి పెట్టి దిగు," అన్నాడు. కత్తెర తీసి బావమరిది చేతిలో పెట్టి, "ఇంట్ల ఇచ్చి రాపో," అన్నాడు.

*

తెల్లవారి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. దశరథం వచ్చేసరికి కిటికీ పక్కన అంచు అంగుళం అంగుళం పెరుగుతోంది. పాత నేతకూ కొత్త నేతకూ మధ్య గీత ఎక్కడా కనబడలేదు. రఘుపతి గుంట పక్కనే చాప వేసుకుని, పీపా తిప్పుకుంటూ, చేతికి మసి, మోచేతికి మసి, చెవికి మసి పూసుకుని ఆనందంగా ఉన్నాడు. దశరథం బట్ట మీద వేలు పెట్టి చూసి తృప్తిగా తల ఊపాడు. చీరలు దక్కాయి, మక్తల్ మాట దక్కింది. రావలసినవన్నీ వచ్చేసినట్టే.

లింగస్వామి నాడె ఒళ్లో పెట్టుకుని చేతులు ముడుచుకున్నాడు.

"మల్ల వచ్చిందా?" అన్నాడు దశరథం గాబరాగా.

"చెయ్యి మంచిగున్నది సేటూ. అరుగు మీద మీరొక మాటన్నరు. ఈదంత విన్నది. గాలయ్య మామ దారానికి తీర్పు చెప్పిండు. ఆ మాట గట్లనే ఉన్నది."

దశరథం నవ్వాడు. నవ్వు ఒక్కడిదే కావడంతో ఆపేశాడు. చెప్పడానికి ఏముంది? ఈ నోటితోనే బొంబాయి దళారులను ఒప్పించాడు. సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలో జవాన్లను నవ్వించాడు. నోరు తెరిచాడు. మాట గొంతు దాకా వచ్చి అక్కడ గట్టిపడింది. దగ్గాడు. మళ్లీ తెరిచాడు. దవడ బిగుసుకుంది.

"ఏంది సేటూ?" అంది అండాలు, కండె చుడుతున్న రాట్నం ఆపి. "నోరు గూడ గుంటల దిగిందా?"

"కదలకుండ్రి, కదలకుండ్రి!" రఘుపతి రబ్బరు బిళ్ల పట్టుకుని లేచాడు. "గొంతుకు ఒక్కటి పెట్టి చూస్త."

దశరథం అతని చేతిని తోసేశాడు. ఎక్కడ నిలబడాలో తోచక గుంట అంచున కూర్చుని, ఆసరా కోసం లింగస్వామి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం వెచ్చగా, చెమటగా ఉంది.

"నువ్వు అబద్ధమాడలే," అన్నాడు మెల్లగా. "నేనన్నదే తప్పు."

లింగస్వామి నాడె అందుకుని విసిరాడు.

"జర గట్టిగ అనుండ్రి సేటూ. మగ్గాల సప్పుడుల ఇనొస్తలేదు."

దశరథం లేచి నిలబడ్డాడు. జాతరలో సరుకు అమ్మేటప్పుడు పీల్చినంత గాలి పీల్చి, వీధి చివరిదాకా వినబడేలా ఆ మాటే మళ్లీ అరిచాడు. సావిడిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి, కిటికీ పక్కన ఉన్నది తప్ప.